వృద్ధ కణాల తొలగింపునకు పాత యాంటీబయాటిక్‌లు: తెలిసినదెంత?

విశాఖపట్నం, ద్వారకా నగర్: అజిత్రోమైసిన్ మాత్ర పేరు వినని కుటుంబం నేడు అరుదు. గొంతు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లకు వైద్యులు మూడు లేక ఐదు రోజులు వాడమని వ్రాయు ఈ ఔషధానికి వార్ధక్యంతో కూడ సంబంధమున్నదని 2018లో ఇంగ్లండులోని సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఆర్.టి.సి. కాంప్లెక్స్ పరిసరాలలోని మందుల దుకాణాలకు నిత్యం వచ్చు ప్రజలు ఈ విషయమై తెలుసుకొనవలసిన వివరాలు ఇవి.

మానవ కణం నిరవధికంగా విభజన చెందదు. సుమారు 50 పర్యాయాల అనంతరం ఆగిపోవునని 1961లో అమెరికా శాస్త్రజ్ఞులు లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ నిరూపించారు. అట్లు ఆగిన కణాలన్నీ మరణించవు. కొన్ని దేహంలోనే నిలిచి, వాపును కలిగించు పదార్థాలను స్రవిస్తూ పొరుగు కణాలను సైతం చెరుపుతాయి. యౌవనంలో రోగనిరోధక వ్యవస్థ వీటిని ఏరివేస్తుంది. వయసు పెరిగిన కొలది ఆ పని మందగించి, ఇవి పోగుపడతాయి. ఇట్టి కణాలను తొలగించిన ఎలుకలలో వార్ధక్య లక్షణాలు ఆలస్యమైనట్లు 2011లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు ప్రకటించారు. 2015లో రక్త క్యాన్సర్ ఔషధమైన డసాటినిబ్‌ను, ఉల్లిపాయలలో లభించు క్వెర్సెటిన్‌ను కలిపి ప్రయోగించడం జరిగింది.

సాల్ఫర్డ్ బృందం మానవ చర్మ, ఊపిరితిత్తుల కణాలను రసాయనంతో కృత్రిమంగా వృద్ధాప్య స్థితికి తెచ్చి, వాటిపై మందులను పరీక్షించింది. అజిత్రోమైసిన్ సుమారు 97 శాతం వృద్ధ కణాలను నశింపజేయగా, ఆరోగ్యవంతమైన కణాలు నిలిచాయి. అదే కుటుంబానికి చెందిన రాక్సిత్రోమైసిన్ సైతం పనిచేసింది. విచిత్రమేమనగా, వీటికి మాతృక అయిన ఎరిత్రోమైసిన్‌లో ఆ గుణం కానరాలేదు.

పాత మందుకు కొత్త ప్రయోజనం వెదకుటలో సౌలభ్యమున్నది. దాని మోతాదు, దుష్ఫలితాలు ముందే తెలిసియుండును, ధర తక్కువ. యాంటీబయాటిక్‌ల చరిత్రలో తెలుగువారికి స్థానమున్నదని ఇక్కడ చెప్పుకొనవచ్చును. భీమవరంలో జన్మించిన డా. యల్లాప్రగడ సుబ్బారావు పర్యవేక్షణలో లెడర్లీ ప్రయోగశాల నుండి 1948లో వెలువడిన ఆరియోమైసినే టెట్రాసైక్లిన్‌లలో మొదటిది.

అయితే పై ఫలితం ప్రయోగశాల పాత్రలోని కణాలకు సంబంధించినది మాత్రమే. వార్ధక్య చికిత్సకు అజిత్రోమైసిన్ వాడుటకు మన దేశంలో అనుమతి లేదు. పరీక్షాపాత్రలో కలిగిన ఆశ రోగి వద్ద నిలువకపోవుట కొత్త కాదు. కోవిడ్ కాలంలో విస్తారంగా వాడిన ఈ మందు వలన ఆసుపత్రిలో చేరిన రోగులకు ప్రయోజనం లేదని బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్ష 2021లో తేల్చినది.

నష్టం మాత్రం నిజమైనది. ఈ మందు కొందరిలో గుండె లయను ప్రమాదకరంగా మార్చగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించింది. అంతకు మించిన చిక్కు టైఫాయిడ్. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులకు లొంగని టైఫాయిడ్ మన దేశంలో వ్యాపించిన దరిమిలా, నోటి ద్వారా ఇవ్వదగిన కొద్ది మందులలో అజిత్రోమైసిన్ ఒకటిగా మిగిలినది. దీనికి సైతం లొంగని టైఫాయిడ్ క్రిములు బంగ్లాదేశ్‌లో కనుగొనబడినట్లు 2019లో వెల్లడైనది. యౌవనం కొరకు ఆరోగ్యవంతులు నెలల తరబడి దీనిని సేవించినచో, జ్వరంతో వచ్చు పసిబిడ్డకు ఇవ్వవలసిన మాత్ర పనిచేయకుండా పోవును.

అజిత్రోమైసిన్ షెడ్యూల్ హెచ్ ఔషధం. రిజిస్టర్డ్ వైద్యుని చీటీ లేనిదే దీనిని విక్రయించరాదు. హృద్రోగులు, గుండె లయకు మందులు వాడుచున్నవారు ఆ సంగతిని చీటీ వ్రాయించుకొనుటకు ముందే వైద్యునికి తెలుపవలెను.