భూటాన్‌లో ఎన్ని రాత్రులు?

హిమాలయాలకు వెళ్దాం అనగానే మన కాలేజీ గ్రూపుల్లో వచ్చే పేర్లు మనాలి, కసోల్, ఇంకాస్త ధైర్యం చేస్తే లదాఖ్. భూటాన్ పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తినా "అబ్బో, అది చాలా ఖరీదురా" అని అక్కడికక్కడే ముగించేస్తారు. మేం నలుగురం మాత్రం ఈ డిసెంబరులో, సెమిస్టర్ పరీక్షలయ్యాక, అక్కడికే వెళ్లాలనుకున్నాం. నెల రోజులుగా జల్‌పల్లిలో మా ఇంట్లో కాగితాలు ముందేసుకుని లెక్కలు వేస్తున్నాం. కాబట్టి ఇవి వెళ్లొచ్చినవాడి కబుర్లు కావు, వెళ్లబోయేవాడి లెక్కలు. ఈ దారిన వెళ్లాలనుకునే మన జూనియర్లకి పనికొస్తాయని రాస్తున్నాను.

తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా చెప్పుకునే 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి బయల్దేరి, మన హైదరాబాదు మీదుగానే కాశీకి వెళ్లారు. ఏ మజిలీ నుంచి ఏ మజిలీకి ఎంత దూరం, ఎక్కడ ఏం దొరుకుతుంది అన్నీ తర్వాత వచ్చేవాళ్ల కోసం రాసిపెట్టారు. భూటాన్‌కి కూడా మజిలీల లెక్కే కావాలి. ఇంకా సూటిగా చెప్పాలంటే రాత్రుల లెక్క.

మా నాన్న అడిగిన ప్రశ్న

భూటాన్‌లో గడిపే ప్రతి రాత్రికీ మన దేశపు పర్యాటకుడు 1200 ఙుల్‌ట్రమ్‌లు ఆ ప్రభుత్వానికి కట్టాలి. దీన్ని 'సుస్థిర అభివృద్ధి రుసుము' అంటారు. ఙుల్‌ట్రమ్ విలువ మన రూపాయితో సమానం కాబట్టి 1200 రూపాయలే అనుకోండి. గది అద్దె, తిండి, బండి ఖర్చు దీనికి అదనం.

ఇది విని కిరాణా కొట్టు నడిపే మా నాన్న అడిగింది ఒక్కటే. "ఊటీకి లేదు, కాశ్మీరుకి లేదు, వీళ్లకెందుకు కట్టాలిరా రాత్రికింత?" డబ్బు ఇవ్వాల్సింది ఆయనే కాబట్టి జవాబు వెతకక తప్పలేదు.

భూటాన్ వైశాల్యం సుమారు 38,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో మూడోవంతు. జనాభా 8 లక్షలు దాటదు. దేశంలో కనీసం 60 శాతం భూమి ఎప్పటికీ అడవిగానే ఉండాలని 2008లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 1974లో జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ పట్టాభిషేకం జరిగిన ఏడాది బయటి పర్యాటకులకు తలుపులు తీశారు. మొదటినుంచీ వాళ్ల విధానం ఒకటే. తక్కువమంది రావాలి, వచ్చినవాళ్ల వల్ల దేశానికి మేలు జరగాలి. ఇతర దేశాలవాళ్ల దగ్గర అప్పట్నుంచే ఎక్కువ వసూలు చేస్తూ, పొరుగువాళ్లమని మనల్ని మాత్రం వదిలేశారు.

2019 నాటికి ఏడాదికి మూడు లక్షల పైచిలుకు పర్యాటకులు వచ్చారు. అందులో రెండు లక్షలకు పైగా మనవాళ్లే. ఎనిమిది లక్షలమంది కూడా లేని ఇంటికి మూడు లక్షలమంది చుట్టాలన్నమాట! దాంతో 2020లో మనకూ రుసుము పెట్టారు. అంతలో కోవిడ్ వచ్చి సరిహద్దులు మూసేశారు. 2022 సెప్టెంబరు 23న మళ్లీ తెరిచినప్పట్నుంచీ కడుతున్నాం. ఇతర దేశాలవాళ్లు ఇప్పుడు రాత్రికి 100 డాలర్లు కడుతున్నారు. అంటే మనకి రేటు తగ్గించినట్టే. ఈ డబ్బును వైద్యం, చదువు, పర్యావరణం మీద పెడతామని ఆ ప్రభుత్వం చెబుతోంది.

ఇదంతా చెప్తే మా నాన్న కాసేపు ఊరుకుని, "అయితే వాడి కొట్టు, వాడి రేటు. మరి మీరెన్ని రాత్రులుంటారో తేల్చుకోండి" అన్నారు. మా ప్లాను మొదలైంది ఆ మాట దగ్గరే.

చూసే చోట్లు కాదు, రాత్రులు

మామూలుగా మనం చూడాల్సిన చోట్లన్నీ రాసుకుని రోజులు సర్దుకుంటాం. భూటాన్‌కి ఇది తిరగేయాలి. ముందు రాత్రులు తేల్చుకుని, వాటిలో పట్టే చోట్లే ఉంచుకోవాలి. ఐదు రాత్రులంటే మనిషికి 6,000, నలుగురికి 24,000. ఒక్క రాత్రి పెరిగితే నలుగురి మీద 4,800 పడుతుంది.

మా ఐదు రాత్రులు ఇలా పంచుకున్నాం. థింఫూలో రెండు, పునాఖాలో ఒకటి, పారోలో రెండు. తూర్పున ఉన్న బుమ్‌తాంగ్‌ని మనసు రాయి చేసుకుని తీసేశాం. అక్కడికి వెళ్లిరావాలంటే తక్కువలో తక్కువ ఇంకో మూడు రాత్రులు కావాలి. వెళ్లేముందు రాత్రీ, తిరిగొచ్చిన రాత్రీ మన దేశపు సరిహద్దు ఊరు జైగావ్‌లో పడుకుంటే వాటికి రుసుము లేదు. పొద్దున్నే సరిహద్దు దాటి, చివరి రోజు పొద్దున్నే పారో నుంచి దిగొచ్చేస్తే కట్టిన ప్రతి రాత్రీ పూర్తిగా మనదే.

ఆధార్ చెల్లదు

భూటాన్‌కి మనకి వీసా అక్కర్లేదు, ప్రవేశ అనుమతి ఉంటే చాలు. దానికి ఆన్‌లైన్‌లో ముందే దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే చూపించాల్సింది కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు, లేదా ఓటరు కార్డు. ఆధార్ చెల్లదు. అన్నిటికీ ఆధారే చూపించి అలవాటైన మన వయసువాళ్లకి అసలు చిక్కు ఇక్కడే.

మా నలుగురిలో ముగ్గురికి ఓటరు కార్డులున్నాయి. నాలుగోవాడికి పందొమ్మిదేళ్లు నిండాయి గానీ పాస్‌పోర్టూ లేదు, ఓటూ లేదు. వాడి ఇల్లు ఖమ్మం వైపు, ఉండేది హాస్టల్లో. ఓటుకి ఆన్‌లైన్‌లో ఫారం 6 నింపొచ్చు, పైసా ఖర్చు లేదు. కాకపోతే బూత్ స్థాయి అధికారి ఇంటికొచ్చి విచారించాలి, జాబితాలో పేరెక్కాలి, ఆ తర్వాత కార్డు పోస్టులో రావాలి. పాస్‌పోర్టుకైతే మామూలు రుసుము 1500, పోలీసు విచారణ ఉంటుంది. వాడు ఓటుకి దరఖాస్తు పెట్టాడు. రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి మాకు అక్టోబరు సగానికల్లా తేలిపోవాలి. మీలో పద్దెనిమిది నిండినవాళ్లు భూటాన్ వెళ్లినా వెళ్లకపోయినా ఈ పని ఇవాళే చేసేయండి.

దారి

శంషాబాద్ విమానాశ్రయం మా ఊరికి దగ్గరే. అక్కడి నుంచి బాగ్‌డోగ్రాకి ఎగిరి, రోడ్డు మీద నాలుగైదు గంటల్లో జైగావ్ చేరొచ్చు. కోల్‌కతా నుంచి నేరుగా పారోకి విమానం కూడా ఉంది. మా జేబులకి మాత్రం రైలే. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా, అక్కడి నుంచి నది దాటి సియాల్దా, సియాల్దాలో రాత్రి కాంచన్‌కన్యా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు హాసీమారా. అక్కడి నుంచి జైగావ్ ఇరవై కిలోమీటర్ల లోపే. ఫలక్‌నుమా సాయంత్రం హౌరా చేరుతుంది. అదే రాత్రి సియాల్దా రైలు పెట్టుకుంటే, మొదటిది ఆలస్యమైతే రెండోది పోయినట్టే. అందుకే కోల్‌కతాలో ఒక రోజు ఖాళీ ఉంచాం.

జైగావ్ నుంచి గేటు దాటితే ఫుంట్‌షోలింగ్. అక్కడ గడియారం అరగంట ముందుకి తిప్పుకోవాలి. అక్కడి నుంచి థింఫూకి ఘాట్ రోడ్డు, ఐదారు గంటల ప్రయాణం. 1958లో నెహ్రూ భూటాన్ వెళ్లినప్పుడు అసలు రోడ్డే లేదు. సిక్కిం నుంచి నాథూలా దాటి, టిబెట్ లోయ మీదుగా గుర్రాల మీద పారో చేరారు. 1961లో మన సరిహద్దు రహదారుల సంస్థ 'దంతక్' ప్రాజెక్టు మొదలుపెట్టి ఈ రోడ్డు వేసింది. ఇదే దారిలో చుఖా జలవిద్యుత్ కేంద్రం వస్తుంది. 336 మెగావాట్లు, మన దేశం సాయంతో కట్టింది. అక్కడ పుట్టిన కరెంటులో ఎక్కువ భాగం మనమే కొంటాం. ఎలక్ట్రికల్ బ్రాంచివాళ్లు కిటికీ సీటు పట్టుకోండి.

ఎత్తు

ఫుంట్‌షోలింగ్ దాదాపు మైదానం ఎత్తులో ఉంటుంది. థింఫూ సుమారు 2,300 మీటర్లు. ఒక్క రోజులో రెండు కిలోమీటర్లు పైకెక్కుతామన్నమాట. పారో దగ్గర కొండ అంచున ఉన్న తక్‌త్సాంగ్ మఠం 3,100 మీటర్ల పైన ఉంటుంది. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే 70 శాతం లోపే. ఊపిరి అదే పీలుస్తాం, అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. అందుకే తక్‌త్సాంగ్‌ని చివరి రోజుల్లో పెట్టాం. మొదటి రెండు రాత్రులు థింఫూలో శరీరం అలవాటు పడితే, ఆ ఎక్కుడు కాళ్లకే పరీక్ష, గుండెకి కాదు.

చిన్నచిన్న సంగతులు కొన్ని. జోంగ్‌లు అనే కోటలకీ గుళ్లకీ నిండు చేతుల చొక్కా, పూర్తి ప్యాంటు వేసుకెళ్లాలి. రూపాయలు చెల్లుతాయి, చిన్న నోట్లు ఎక్కువ ఉంచుకోండి. గైడు, లోపలి జిల్లాల అనుమతి నియమాలు 2022 తర్వాత మారుతూ వచ్చాయి కాబట్టి బుక్ చేసే వారంలో అధికారిక సైట్ చూడండి. తిండికి భయం లేదు. వాళ్ల ఎమా దాచీ అంటే మిరపకాయల్ని కూరగాయల్లా జున్నులో ఉడికించిన కూర. మన గుంటూరువాళ్లు కూడా నీళ్ల గ్లాసు దగ్గర పెట్టుకోవాల్సిందే.

ఇంకొక్క మాట. ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్లే సాగర్ రోడ్డు ఏ నాగార్జునుడి పేరున్న ఊరికి చేరుతుందో, ఆయన మాధ్యమిక సిద్ధాంతాన్ని భూటాన్ మఠాల విద్యాలయాల్లో ఇప్పటికీ చదువుతారు. అక్కడ ఆయన పేరు లూడ్రుప్. ఏ గుళ్లోనైనా ఆ పేరు వినబడితే, కాస్త మన చుట్టమే అనుకోండి.

మొత్తం లెక్కలో తేలింది ఇది. భూటాన్ మనకి దూరమై కాదు, తలుపు దగ్గర షరతు పెట్టింది కాబట్టి తక్కువమంది వెళ్తున్నారు. ఆ షరతు ఎందుకో అర్థమయ్యాక 6,000 రూపాయలు జరిమానాలా అనిపించలేదు, మా నాన్నకీ అనిపించలేదు. మిగిలింది మా నాలుగోవాడి కార్డే. అది అక్టోబరుకి రాకపోతే ముగ్గురం వెళ్లం. పాస్‌పోర్టుకి పెట్టించి వేసవి సెలవుల దాకా ఆగుతాం. వానలు మొదలైతే ఆ ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరుగుతాయి, అందుకని మే నెల దాటకుండా. రాత్రుల లెక్క మాత్రం అదే, ఐదు.