హాల్ ఆఫ్ ఫేమ్‌లో భారత మహిళా బౌలర్లు

అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) 2009లో హాల్ ఆఫ్ ఫేమ్‌ను ప్రారంభించింది. అందులో చోటు పొందిన తొలి మహిళ ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ రేచల్ హేహో ఫ్లింట్, 2010లో. ఆటకు వీడ్కోలు పలికి ఐదేళ్లయినవారి పేర్లే పరిశీలనకు వస్తాయి. భారత మహిళల వంతు రావడానికి 2023 దాకా పట్టింది. ఆ ఏడాది డయానా ఎడుల్జీ, మరుసటి ఏడాది నీతూ డేవిడ్ ఎంపికయ్యారు. ఇద్దరూ ఎడమచేతి స్పిన్నర్లే. బ్యాటర్లకే బ్రహ్మరథం పట్టే దేశంలో ముందుగా బౌలర్లకు పిలుపు రావడం విశేషమే.

1976లో వెస్టిండీస్‌తో భారత మహిళలు ఆడిన తొలి టెస్టు సిరీస్‌తోనే డయానా అంతర్జాతీయ క్రికెట్లోకి వచ్చారు. 20 టెస్టుల్లో 63 వికెట్లు తీశారు. అంతకన్నా పెద్ద మేలు మైదానం బయట జరిగింది. మహిళా క్రికెటర్లకు రైల్వేలో ఉద్యోగాలు దక్కడంలో, జట్టు ఏర్పడటంలో ఆమె పాత్ర కీలకం. మహిళల క్రికెట్ 2006లో బీసీసీఐ కిందికి వచ్చేదాకా ఆటగాళ్లకు పెద్ద ఆదాయమేమీ ఉండేది కాదు. ఆ రోజుల్లో నెల జీతమే వాళ్లను ఆటలో నిలబెట్టింది. నీతూ, పూర్ణిమా రావు, మిథాలీ రాజ్ కూడా రైల్వేస్ తరఫున ఆడినవారే.

నీతూ పేరు చెప్పగానే గుర్తొచ్చేది 1995 నవంబరు నాటి జంషెడ్‌పూర్ టెస్టు. ఇంగ్లండ్ రెండో ఇన్నింగ్స్‌లో ఆమె 53 పరుగులకే 8 వికెట్లు పడగొట్టారు. మహిళల టెస్టుల్లో ఒక ఇన్నింగ్స్‌కు అదే అత్యుత్తమ బౌలింగ్. ఇంత చేసినా భారత్ 2 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఆ మ్యాచ్‌లో భారత కెప్టెన్ సికింద్రాబాద్‌లో పుట్టిన పూర్ణిమా రావు. ఆమె ఆఫ్ స్పిన్నర్. వన్డేల్లో 141 వికెట్లు తీసిన నీతూ, ఆ ఫార్మాట్‌లో వంద దాటిన తొలి భారతీయ మహిళ.

విదేశీ బౌలర్లలో ఆస్ట్రేలియా పేసర్ క్యాథరిన్ ఫిట్జ్‌పాట్రిక్, పాకిస్థాన్ ఆఫ్ స్పిన్నర్ సనా మీర్ ఈ జాబితాలో ఉన్నారు. ఆస్ట్రేలియాకే చెందిన బెట్టీ విల్సన్ కథ వేరు. 1958లో మెల్‌బోర్న్‌లో ఆమె ఒకే టెస్టులో సెంచరీ కొట్టి, 11 వికెట్లు తీశారు.

స్వదేశంలో గౌరవం ఎక్కువగా స్టేడియం గోడల మీదే కనిపిస్తుంది. 2025లో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో పేసర్ ఝులన్ గోస్వామి పేరిట స్టాండ్ వెలిసింది. వన్డేల్లో 255 వికెట్లు తీసిన ఝులన్ 2022లో రిటైరయ్యారు కాబట్టి, ఐసీసీ లెక్కలో ఆమె 2027 దాకా ఆగాలి. అదే 2025లో విశాఖపట్నం స్టేడియంలో ఒక స్టాండ్‌కు మిథాలీ పేరు, ఒక గేటుకు రావి కల్పన పేరు పెట్టారు. ఒకరు బ్యాటర్, ఇంకొకరు వికెట్‌కీపర్. తెలుగు నేల బౌలర్లను కనకపోలేదు. హైదరాబాద్ స్పిన్నర్ గౌహర్ సుల్తానా 50 వన్డేల్లో 66 వికెట్లు తీశారు. కడప జిల్లాకు చెందిన శ్రీచరణి, లెగ్ స్పిన్ వేసే భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష ఇంకా ఆడుతున్నవాళ్లే.