ఇంట చేయదగిన పొరల చాక్లెట్టు కేకు

గత డిసెంబరు మాసారంభమున ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మా యొద్దకు వచ్చి, "టీచరుగారండీ, ఓవెను లేనివాళ్లు చాక్లెట్టు కేకు చేసుకోకూడదాండీ?" అని యడిగెను. క్రిస్మసు దగ్గర పడుచుండెను. విజయవాడ బజారులలో బేకరీల ముందు కేకులు పేర్చబడి యుండెను గాని, కొనుట ఆ యింటివారికి భారము. మేము తొందరపడి "కుక్కరులో చేయవచ్చునమ్మా" అని చెప్పి, మాకు తెలిసిన కొలతలు కాగితముపై వ్రాసి యిచ్చితిమి.

ఆ బాలిక మూడు పొరలకు కావలసిన పిండి నంతయు ఒక్కసారిగా కలిపెను. కుక్కరులో ఒకసారికి ఒక పొరయే పట్టును గదా! మొదటి పొర చక్కగా పొంగెను. రెండవది సగమే పొంగెను. మూడవది దిబ్బరొట్టె వలె గట్టిపడెను. "మూడు గ్రుడ్లు పాడయ్యాయండీ. అమ్మ ఏమీ అనలేదండీ" అని ఆమె తల వంచుకొని చెప్పినప్పుడు మాకు సిగ్గు కలిగెను. తప్పు బాలికది కాదు. ఓవెనులో తప్ప కుక్కరులో నెన్నడును చేసి చూడకయే చెప్పిన మాది. చేసి చూడని దానిని బోధింపరాదని శిక్షణ కళాశాలలో నేర్చియు మరచితిమి. పిమ్మట మూడు శనివారములు మా యింట కుక్కరులోనే చేసి చూచి, తెలిసికొన్న దానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట ఈ కేకునకు రంగును రుచిని ఇచ్చు కోకోను గూర్చి కొంచెము తెలిసికొందము. ఇది దూరదేశపు వస్తువని మనవారు తలంచుచుందురు. దాని జన్మభూమి అమెరికా ఖండమే యైనను, నేడు మన విజయవాడకు 60 కిలోమీటర్ల దూరముననున్న ఏలూరు ప్రాంతమునను, పశ్చిమ గోదావరి జిల్లాలోను కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో కోకో చెట్లు పెరుగుచున్నవి. కాయలు కొమ్మల చివరల గాక, మ్రానునకే అంటుకొని కాయును. కాయను పగులగొట్టి, తెల్లని గుజ్జుతో నున్న గింజలను కుప్పగా పోసి, అరటియాకులు కప్పి, అయిదారు దినములు పులియబెట్టుదురు. తరువాత ఎండలో ఆరబెట్టుదురు. పచ్చి గింజకు చాక్లెట్టు వాసన యుండదు. పులియుటచేతను వేయించుటచేతను ఆ వాసన పుట్టును. గింజలలోని క్రొవ్వును మరతో పిండి తీయు పద్ధతిని హాలండులో వాన్ హౌటెన్ కుటుంబమువారు 1828లో కనుగొన్నందున కోకో పొడి సులభముగా దొరకసాగెను. 2024లో ప్రపంచ విపణిలో గింజల ధర టన్నుకు 10,000 డాలర్లు దాటెను. కావున ఈ పొడి వృథా చేయదగిన వస్తువు కాదు. కొనునప్పుడు పంచదార కలియని కోకో పొడినే అడుగవలెను. పాలలో కలుపుకొని త్రాగు తియ్యని పొడి దీనికి పనికిరాదు.

ఇక కేకు పొంగుటకు కారణమేమి? వంటసోడా మజ్జిగలోని పులుపుతో కలిసినంతనే బొగ్గుపులుసు వాయువు బయలుదేరును. ఆ బుడగలే పిండిని పైకి లేపును. పిండి వేచియున్నచో వాయువు గాలిలో కలిసిపోవును. ఆ బాలిక రెండవ, మూడవ పొరలు చెడుటకు ఇదియే కారణము. కావున కుక్కరులో చేయువారు ఏ పొర పిండిని ఆ పొరకే, కాల్చబోవు ముందు కలుపవలెను. ఈ వ్యాసములో ముఖ్యముగా జ్ఞాపక ముంచుకొనవలసిన మాట ఇదియే.

ఆరంగుళముల గిన్నెలో ఒక్క పొరకు కొలతలివి: మైదా 75 గ్రాములు, కోకో పొడి 20 గ్రాములు, పంచదార పొడి 100 గ్రాములు, బేకింగు పౌడరు అర చిన్నచెంచా, వంటసోడా పావు చిన్నచెంచా, ఉప్పు చిటికెడు, గ్రుడ్డు 1, పుల్లని మజ్జిగ 60 మిల్లీలీటర్లు, వాసన లేని నూనె 40 మిల్లీలీటర్లు, వేడినీరు 40 మిల్లీలీటర్లు. మూడు పొరలకు దీనికి మూడింతలు కావలెను. పొడి వస్తువులను ముందుగనే జల్లించి మూడు పాళ్లుగా విడివిడిగా పెట్టుకొనవచ్చును. తడి తగులనంత వరకు వానికి చెరుపు లేదు.

కుక్కరు మూతనుండి రబ్బరును, విజిలును తప్పక తీసివేయవలెను. అడుగున రెండు వ్రేళ్ల మందమున ఉప్పు గాని ఇసుక గాని పరచి, దానిపై చిన్న స్టాండు నుంచి, నీరు పోయక, సన్నని సెగపై పది నిమిషములు కాచవలెను. పిల్లలు దీనిని పెద్దల యెదుటనే చేయవలెను. ఇంతలో గ్రుడ్డు, మజ్జిగ, నూనె కలిపి గిలకొట్టి, పొడి వస్తువులను చేర్చి, తుదకు వేడినీరు పోసి, ఉండలు లేకుండునంత మాత్రమే కలుపవలెను. మైదాను ఎక్కువగా కలిపినచో పరోటా పిండి వలె సాగుదల వచ్చి కేకు గట్టిపడును. గిన్నెకు నూనె రాచి, అడుగున కాగితము వేసి, పిండి పోసి కుక్కరులో నుంచవలెను.

ముప్పది నిమిషముల వరకు మూత తీయరాదు. మా మొదటి శనివారపు కేకు ఆత్రము చేతనే చెడెను. పదునైదవ నిమిషమున మూత తీసి చూచితిమి. నడుమ గుంట పడెను. గ్రుడ్డును మైదాయు వేడికి గట్టిపడక మునుపు చల్లగాలి తగిలిన బుడగలు అణగిపోవును. తరువాత శుభ్రమైన పుల్లను నడుమ గ్రుచ్చి చూచిన, తడి యంటకున్నచో ఉడికినట్లు. కొన్ని పొయ్యిలపై నలువది నిమిషములు పట్టును. పూర్తిగా చల్లారిన పిదపనే గిన్నె నుండి తీయవలెను. వేడిగా తీసిన పొర విరుగును.

పొరల నడుమ వెన్నతో చేసిన క్రీము పూయుట పలువుర వాడుక. కాని వెన్న మన వేసవికి నిలువదు. మే మాసమున 40 డిగ్రీలు దాటు విజయవాడలో అది కరగి జారును. పిండితో చిక్కబడినది అట్లు కరగదు. కావున మేము పాలు 250 మిల్లీలీటర్లు, పంచదార 75 గ్రాములు, కోకో 25 గ్రాములు, కార్నుఫ్లోరు 25 గ్రాములు తీసికొందుము. పొడులను ముందు చల్లని పాలలో కరగించి, పిమ్మట పొయ్యిపై నుంచి, విడువక కలియబెట్టుచు చిక్కబరచి, చెంచాడు వెన్న వేసి చల్లార్తుము. ఇది పాలతో చేసినది గనుక ఆనాడే తినవలెను; లేదా ఫ్రిజ్జులో నుంచవలెను.

అలంకారమునకు డబ్బు అక్కరలేదు. కాగితమును నక్షత్రపు ఆకారమున కత్తిరించి, కేకుపై నుంచి, పంచదార పొడిని జల్లెడతో చల్లి, కాగితమును మెల్లగా ఎత్తినచో నల్లని నక్షత్రము నిలుచును. గోరింటాకు కోను వలె కాగితమును చుట్టి, మిగిలిన క్రీమును నింపి, అంచున చుక్కలు పెట్టవచ్చును. వాకిట ముగ్గు వేయుచున్న చేతికి ఇది కొత్త పని కాదు. వేయించిన జీడిపప్పు పలుకులు నాలుగు చాలును.

క్రిస్మసునకు రెండు దినములు ముందుగా ఆ బాలికకు మూడు గ్రుడ్లు, ఈ కొలతల కాగితము ఇచ్చితిమి. ఆమె మొదట గ్రుడ్లు వలదనెను. "మేము పాడు చేసినవే తిరిగి ఇచ్చుచున్నామమ్మా" అనగా పుచ్చుకొనెను. సెలవుల తరువాత బడి తెరచిన దినమున, "మూడు పొరలూ పొంగాయండీ! కొంచెం ఒక ప్రక్కకు ఒరిగిందండీ. మా అమ్మ వీధిలో అందరికీ పంచిందండీ, మీకు మిగలలేదండీ" అని ఆమె చెప్పెను. ఆ కేకు రుచి ఎట్టిదో మే మెరుగము. ఐనను ఆ మాట విన్న తరువాతనే మా పాఠము సరియైనదని నమ్మితిమి.