ఇష్టపూర్వకంగా పెట్టిన సంతకం

బహదూర్‌పల్లిలో మా పుట్టింటివారి పొలం వుండేది. ఇప్పుడక్కడ ప్లాట్లు వున్నాయి. మహీంద్రా విశ్వవిద్యాలయం వెలసిన ఊరు కదా, భూమి విలువ గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఆ పొలం అమ్మకానికి వచ్చిన 2007లో హక్కు విడుదల దస్తావేజు మీద నేను సంతకం పెట్టాను. “ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇష్టపూర్వకంగా” అని అందులో రాసి వుంది. అది అబద్ధమేమీ కాదు. నన్నెవరూ గద్దించలేదు. వదిన బొట్టుపెట్టి పట్టుచీర పెట్టింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మొన్న దసరాకు వెళ్లినప్పుడు, డిగ్రీ చదువుతున్న మా అన్న కూతురు అడిగింది: “అత్తా! స్త్రీవాద తత్త్వమంటే మగవాళ్లను తిట్టడమేనా?”

“కాదు తల్లీ! నా సంతకం గురించి ఒక ప్రశ్న వేయడం” అన్నాను.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికి వాటా ఇచ్చింది కాని, పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా పుట్టుకతో వచ్చే హక్కు ఇవ్వలేదు. ఆనాటి ఆంధ్రప్రదేశ్ 1986లో ఆ చట్టాన్ని సవరించింది. కాని అప్పటికే పెళ్లయినవారికి ఆ సవరణ వర్తించలేదు. నా పెళ్లి 1983లోనే అయింది. చివరకు 2005లో కేంద్రం చేసిన సవరణతో నాబోటివారికీ హక్కు వచ్చింది. వచ్చిన రెండేళ్లకే దాన్ని వదులుకున్నాను!

ఎందుకు? “ఆడపిల్ల అంటే ఆడ పిల్లే, ఈడ పిల్ల కాదు” అన్నమాట వింటూ పెరిగాను గనుక. పుట్టింట చెయ్యిచాపడం సిగ్గుచేటని నాకెవరూ పాఠం చెప్పలేదు, గాలిలా అబ్బింది.

తత్త్వవేత్తలు పట్టుకున్నది ఈ గాలినే. స్త్రీల బలహీనతకు కారణం వారి పెంపకమేనని ఇంగ్లండులో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లోనే వాదించింది. స్త్రీ స్వభావమని లోకం పిలిచేది చాలావరకు తయారుచేసినదేనని 1869లో జాన్ స్టూవర్ట్ మిల్ అన్నాడు. లోకం ఆడపిల్లను ఎలా “స్త్రీ”గా మలుస్తుందో ఫ్రాన్సులో సిమోన్ ద బోవా 1949లో విడమరచి చెప్పింది. అంతదూరం ఎందుకు? స్త్రీలకు అంటగట్టే దోషాలు పురుషులలో లేవా అని తారాబాయి శిందే 1882లో మరాఠీలో నిలదీసింది. బడికి వెళ్లని మన భండారు అచ్చమాంబ (1874–1905) ఇంట్లోనే చదువు నేర్చుకొని, “అబలా సచ్చరిత్ర రత్నమాల” పేర స్త్రీల చరిత్రలు రాసి, అబల అన్న మాటకు జవాబు చెప్పింది.

“అయితే మా నాన్న మీద నీ ప్రేమంతా ఉత్తదేనా?” అంది పిల్ల, కాస్త కోపంగా.

మంచి ప్రశ్నే. పెంపకంలోంచి పుట్టినంత మాత్రాన ఇష్టం అబద్ధమైపోదు. దీనిమీద తత్త్వవేత్తలే ఇంకా వాదించుకుంటున్నారు. కాని నాకు తోచిన పరీక్ష ఒకటి వుంది. ఆనాడు నేను “పెట్టను” అని వుంటే మరుసటి పండుగకు పిలుపు వచ్చేదా? కాదనడానికి దారిలేని చోట అవుననడానికి విలువెంత?

మా అన్న వరండాలో పేపరు చదువుతూ అంతా వింటూనే వున్నాడు. వున్న ఒక్క ఇంటిజాగా కొడుక్కు దక్కేలా, పెళ్లికి ముందే పిల్లచేత సంతకం చేయించాలని కాగితాలు సిద్ధం చేసిపెట్టాడు.

“అన్నా! చెల్లెలి పేర వాటా వదులుకొమ్మని నీ కొడుకును ఎన్నడైనా అడిగినావా?” అన్నాను.

నవ్వాడు. తరువాత నవ్వు ఆగిపోయింది. ఆ సంగతి తనకెన్నడూ తోచనే లేదన్నాడు. ఆ మాట నిజమే. మా అన్న చెడ్డవాడు కాడు. ఆయనా నేనూ పీల్చింది ఒకే గాలి.

నా సంతకం నేను వెనక్కి అడగబోను. పిల్లను మాత్రం పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. వాళ్ల నాన్న ముందే ఒక్కటి చెప్పాను: “నువ్వు పెట్టకపోయినా వచ్చే దసరాకు ఈ ఇంట్లో నీకు విస్తరి వేస్తారో లేదో ముందు కనుక్కో. ఆ తరువాతే కలం పట్టు.”

కాగితాలు ఇంకా బీరువాలోనే వున్నాయి.