చంకల చెమట: సిగ్గుపడవలసినది కాదు

సూరత్ నుంచి భరూచ్ వైపు పోయే రైలు మార్గంలో ఉన్నది కిమ్. సముద్రం దూరం కాకపోవడంతో ఈ ప్రాంతపు గాలిలో తేమ అధికం. తేమ పెరిగితే చెమట ఆవిరి కాక ఒంటిమీదే నిలుస్తుంది. పైగా సూరత్ మరమగ్గాలపై నేసేది ఎక్కువగా కృత్రిమ నూలు. అది చెమటను పీల్చుకోదు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి ఈ మగ్గాలనే నమ్ముకున్న మన పద్మశాలీ సోదరులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అయితే మేము ప్రస్తావించదలచినది వాతావరణం తెచ్చే ఈ చెమట కాదు.

చల్లని గదిలో తీరికగా కూర్చున్నా చంకల కింద చొక్కా తడిసిపోయేవారు కొందరున్నారు. వారు నలుగురిలో చేయెత్తరు. లేత రంగు దుస్తులు ధరించరు. దీనిని అపరిశుభ్రతగా ఎంచడం తోటివారు చేసే అన్యాయమని మా అభిప్రాయం. ఎన్నిసార్లు స్నానం చేసినా ఇది తగ్గదు. ఏలయనగా స్వేదగ్రంథులకు నాడుల నుంచి అందే ప్రేరణే అవసరానికి మించి ఉంటుంది. వైద్యులు దీనిని హైపర్‌హైడ్రోసిస్ అంటారు. సాధారణంగా 25 ఏళ్లలోపే మొదలై, రెండు చంకలలోనూ సమానంగా కనిపిస్తుంది. తరచుగా కుటుంబంలో మరొకరికీ ఉంటుంది. నిద్రలో ఆగిపోతుంది.

ఈ చివరి లక్షణాన్ని గమనించాలి. నిద్రలో పక్కబట్టలు తడిసేంతగా చెమట పట్టి, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం కూడా ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాలి. గుండెదడ, చేతుల వణుకు తోడైతే థైరాయిడ్‌ను అనుమానించాలి. మధుమేహానికి మందులు వాడేవారికి హఠాత్తుగా చెమటలు పోస్తే రక్తంలో చక్కెర పడిపోయి ఉండవచ్చు.

ఇక చికిత్స. డియోడరెంట్ వాసనను మాత్రమే అణచుతుంది. చెమటను తగ్గించేది యాంటీపర్స్పిరెంట్. వైద్యులు తొలుత సూచించేది అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం. మన క్షురకులు వాడే పటిక సైతం అల్యూమినియం లవణమే గాని దీనికి సాటిరాదు. ఈ మందు పనిచేయలేదని చెప్పేవారిలో పలువురు ఉదయం స్నానం కాగానే తడి ఒంటికి రాసుకునేవారే! తడి తగిలితే ఆమ్లం పుట్టి చర్మం మండుతుంది. చంకలను పూర్తిగా ఆరబెట్టి, నిద్రకు ముందు రాసి, లేచాక కడగాలి. నిద్రలో చెమట తక్కువ కనుక మందు గ్రంథుల నాళాలలో నిలిచి వాటిని మూస్తుంది. రాత్రి షిఫ్టు వారు పగటి నిద్రకు ముందు రాసుకోవచ్చు. క్షౌరం చేసిన రోజున మాత్రం వద్దు. గుణం కనిపించాక వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

దీనికి లొంగకపోతే బోటులినం సూదిమందు ఉన్నది. 2004లో అమెరికా ప్రభుత్వం చంకల చెమటకు దీనిని అనుమతించింది. గుణం కొన్ని నెలలే ఉంటుంది, ఖర్చూ ఎక్కువే. ఛాతీలోని నాడిని కత్తిరించే శస్త్రచికిత్సకు తొందరపడరాదు. ఆ తరువాత వీపు, పొట్ట, తొడలపై చెమట పెరగడం సాధారణం. కత్తిరించిన నాడిని తిరిగి యథాస్థితికి తేవడం దుస్సాధ్యం.