ప్రత్యక్ష ధ్వని రేఖాచిత్రాలు – కంప్యూటర్ మెమరీ నిర్వహణ

క్షేత్రపర్యటనలో పద్యపఠనాన్నో మాండలిక సంభాషణనో రికార్డు చేసే పరిశోధకునికి ధ్వనితరంగం తెరపై కదులుతూ కనిపించడం ఎంతో ఉపకరిస్తుంది. మైకు దూరమైనా, గాలి రొద చేరినా వెంటనే తెలుస్తుంది. ఇందుకోసం పైథాన్‌లో సొంతంగా రాసుకున్న డెస్క్‌టాప్ అప్లికేషన్ మొదటి నిమిషం చక్కగా నడిచి, ఆపై మందగించి, చివరకు స్తంభించిపోవడం కద్దు. వయోవృద్ధుడైన కళాకారుడు పాడిన పాటను మరునాడు అదే రీతిలో మళ్లీ పాడించడం సాధ్యం కాదు. అందువల్ల ఇక్కడ పోయేది ప్రోగ్రాము కాదు, పరిశోధనకు ఆధారమైన ఆకరం.

ఇటువంటి చిత్రాలకు ఎక్కువమంది వాడేది మ్యాట్‌ప్లాట్‌లిబ్. దీనిని రూపొందించిన జాన్ హంటర్ కూడా నాడీశాస్త్ర పరిశోధకుడే. మూర్ఛ రోగుల మెదడు విద్యుత్ సంకేతాలను చూడవలసిన అవసరం నుంచి పుట్టిన ఈ సాధనం 2003లో వెలువడింది. ఇందులో ‘ప్లాట్’ అనే ఆదేశం ఇచ్చిన ప్రతిసారీ ఒక కొత్త గీత ఏర్పడుతుంది. పాత గీత చెరిగిపోదు, కొత్తదాని అడుగున దాగి ఉంటుంది, తన దత్తాంశాన్ని కూడా తనవద్దే ఉంచుకుంటుంది. చూసేవారికి ఒకే గీత కనబడుతుంది కాబట్టి ఈ దోషం పట్టుబడదు.

లెక్క వేస్తే తీవ్రత తెలుస్తుంది. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 8 బైట్లు అనుకుంటే, ఒక సెకను ధ్వనికి 3,52,800 బైట్లు కావాలి. సెకనుకొకసారి మొదటి నుంచి అప్పటివరకు ఉన్న ధ్వనినంతా కొత్త గీతగా గీస్తే, నిమిషం ముగిసేసరికి 1 నుంచి 60 వరకు గల సంఖ్యల మొత్తం, అంటే 1,830 సెకన్ల దత్తాంశం పోగుపడుతుంది. అది 64 కోట్ల బైట్లకు పైమాటే. కాలసూచిక విలువలు కలిపితే రెట్టింపు.

పరిష్కారం సులభమే. గీతను ఆరంభంలో ఒకేసారి సృష్టించి, తరువాత ‘సెట్ డేటా’ ఆదేశంతో దానిలోని విలువలను మాత్రమే మార్చాలి. అయితే ఇది సగం పనే. విలువల జాబితా పెరుగుతూనే ఉంటే గంటకు 127 కోట్ల బైట్లు చేరతాయి. చివరి పది సెకన్లను మాత్రమే నిలుపుకొని, కొత్తవి చేరినకొద్దీ పాతవి తొలగే స్థిరపరిమాణ నిల్వను వాడితే 35 లక్షల బైట్లు చాలు. పలక మీద చోటు ఎంతో అంతే, చెరిపి రాయడమే. ఆ పది సెకన్లలోని 4,41,000 బిందువులను కూడా 1,920 పిక్సెళ్ల తెర విడివిడిగా చూపలేదు. ప్రతి పిక్సెల్‌కు కనిష్ఠ, గరిష్ఠ విలువలు రెండు పంపితే తరంగం ఆకృతి చెడదు.

అసలు పొరపాటు చిత్రాన్నీ రికార్డునూ ఒకటిగా భావించడంలో ఉంది. చిత్రం చూడడానికి, రికార్డు భద్రపరచడానికి. ధ్వని వచ్చినది వచ్చినట్లు డిస్కులోని ఫైలుకు చేరుతూ ఉండాలి. 16 బిట్ల ఏకమార్గ ధ్వని అయితే గంటకు దాదాపు 32 కోట్ల బైట్లు, నేటి డిస్కులకు అదొక లెక్క కాదు. చిత్రానికి వెళ్లే వరుసకు మాత్రం పరిమితి పెట్టాలి. గీయడం ఆలస్యమైతే పాత భాగాలను వదిలివేయవచ్చు. పరిమితి లేని వరుస కూడా మెమరీని మెల్లగా మింగుతుంది, దానిని అనుమానించేవారు తక్కువ. ఫైలుకు వెళ్లే వరుసలో ఒక్క నమూనా కూడా జారకూడదు.

మరొక చిక్కు ‘పైప్లాట్’ది. దాని ద్వారా తెరిచిన ప్రతి చిత్రపటాన్నీ ‘క్లోజ్’ చేసేవరకు అది పట్టుకొనే ఉంటుంది; 20 దాటితే హెచ్చరిక కూడా ఇస్తుంది. డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో పైప్లాట్‌ను పక్కనపెట్టి ‘ఫిగర్’ను నేరుగా వాడడమే మేలు.

క్షేత్రానికి వెళ్లేముందు మైకు తెరిచి అప్లికేషన్‌ను గంటసేపు నడపాలి. ఆరంభంలో మెమరీ కొంత పెరగడం సహజం. ఐదో నిమిషంలోనూ అరవయ్యో నిమిషంలోనూ వాడకం దాదాపు సమానంగా ఉంటే సరి. పెరుగుతూనే ఉంటే, పైథాన్‌తోపాటు వచ్చే ‘ట్రేస్‌మ్యాలాక్’ ఏ వరుసలో మెమరీ పోగుపడుతున్నదో చూపుతుంది.