అందాజాతో నడిచే సోమాలీ వంట.. పిల్లలకు అందేది ఎలా?

సోమాలియా అనగానే వార్తల్లో వినిపించేవి యుద్ధం, కరువు, సముద్రపు దొంగలు. అక్కడివాళ్లు ఏం తింటారని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. నిజానికి వాళ్ల దస్తర్‌ఖాన్ మనకు కొత్తదేం కాదు. సంబూసాను వాళ్లు సంబూస్ అంటారు, హల్వాను హల్వో అంటారు. మాంసం, మసాలా, బియ్యం కలిపి ఒకే గిన్నెలో వండేది బరీస్ ఇస్కుకరిస్. ఆ పేరుకు అర్థమే 'కలిపి వండిన అన్నం'.

1991లో సియాద్ బర్రె ప్రభుత్వం కూలిపోయింది. అంతర్యుద్ధం ముదిరి లక్షల మంది దేశం విడిచారు. కెన్యాలోని దాదాబ్ శిబిరాల నుంచి లండన్, టొరంటో, అమెరికాలోని మినియాపొలిస్ దాకా సోమాలీ కుటుంబాలు చెదిరిపోయాయి. నానీ ఒక దేశంలో, మనవరాలు మరో దేశంలో. మరి వంట ఎవరు నేర్పాలి?

రాసిపెట్టుకోని విద్య

సోమాలీ భాషకు అధికారిక లిపి వచ్చింది 1972లోనే. అంతకుముందు కవిత్వం, వంశాల వివరాలు అన్నీ నోటిమాటగానే సాగాయి. లిపి వచ్చాక కూడా వంట ఎక్కువగా చేతి అందాజా మీదే నడిచింది. పక్కన నిలబడి చూస్తేనే వచ్చే విద్య అది. చూపించే మనిషి దూరమైతే, వంట పేరు గుర్తుంటుంది గానీ చేయడం రాదు.

గిన్నెలో ఉన్న చరిత్ర

ఇబ్న్ బతూతా 1331లో మొగదిషు వెళ్లాడు. నెయ్యితో వండిన అన్నం, దాని మీదకు మాంసం, చేప, కూరగాయలతో చేసిన కూరలు, పాలలో ఉడికించిన పచ్చి అరటికాయ, పెరుగుతో పాటు నిమ్మకాయ ఊరగాయ, పచ్చి అల్లం తనకు వడ్డించారని తన యాత్రా గ్రంథంలో రాశాడు. దాదాపు 700 ఏళ్ల తర్వాత కూడా సోమాలీలు అన్నం పళ్లెం పక్కన అరటిపండు పెట్టుకుంటారు. అన్నం, పండు కలిపి తింటారు.

దక్షిణ ప్రాంతాన్ని ఏలిన ఇటలీవాళ్లు పాస్తా తెచ్చారు. సోమాలీలో 'ప' ధ్వని లేదు కాబట్టి అది 'బాస్తో' అయింది. దాని సాస్‌లోనూ సోమాలీ ఇల్లాళ్లు తమ మసాలానే వేశారు. ఆ మసాలా పేరు హవాష్. జీలకర్ర, ధనియాలు, మిరియాలు, ఏలకులు, లవంగాలు, దాల్చినచెక్క, పసుపు కలిపి దంచుతారు. పాళ్లు ఇంటికో రకం. అందుకే బజారులో కొన్న పొడితో వండినా అమ్మమ్మ చేతి రుచి రాదు.

ఉదయం పూట తినేది అంజేరో. చూడ్డానికి మన దోసె లాంటిదే. పులిసిన పిండిని పెనం మీద మధ్య నుంచి చుట్లు చుట్లుగా పరుస్తారు. ఒక వైపే కాలుస్తారు. చలి దేశాల్లో పిండి త్వరగా పులవదు. అందుకే అక్కడి ఇళ్లలో ఈస్ట్ కలుపుతున్నారు, వేరే పిండ్లు వాడుతున్నారు. పద్ధతి కొంచెం మారింది, వంట మాత్రం బతికింది.

పోయేది రుచి ఒక్కటే కాదు

ముక్‌మద్ అనే వంట సంగతి చూడండి. మాంసాన్ని పొడవుగా కోసి ఎండబెడతారు, చిన్న ముక్కలు చేసి వేయించి నెయ్యిలో నిల్వ చేస్తారు. నెలల తరబడి పాడవదు. ఒంటెలతో ఊరూరు తిరిగే సంచార కుటుంబాలకు ఫ్రిజ్ లేని రోజుల్లో అదే ఆధారం.

ఉత్తర సోమాలీ ప్రాంతాల పెళ్లిళ్లలో దీనికి ప్రత్యేక స్థానం ఉంది. పెళ్లికూతురి వైపు ఆడవాళ్లు ముక్‌మద్‌ను, పైన ఖర్జూరం ముద్దను ఒక అల్లిన పాత్రలో పెట్టి, పెళ్లికూతురిలా అలంకరించి, తాళ్లతో చిక్కుముళ్లు వేస్తారు. దీన్ని హేడో అంటారు. వరుడి తరఫువాళ్లు ఆ ముళ్లు విప్పాలి. విప్పలేకపోతే నవ్వులపాలే! ముక్‌మద్ చేయడం మరిచిపోతే ఈ ముడి, ఈ సరదా, రెండు కుటుంబాలు కలిసే ఈ సందర్భం కూడా పోతాయి.

కాపాడుతున్నది ఎవరు?

ముందుగా ఇళ్లలోని ఆడవాళ్లే. రంజాన్‌లో ఇఫ్తార్ కోసం సంబూస్‌లు మడవడానికి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఆ నెల రోజులే వాళ్లకు వంట బడి. తర్వాత వలస నగరాల్లో వెలిసిన సోమాలీ హోటళ్లు. ఇప్పుడు పుస్తకాలూ వస్తున్నాయి. మొగదిషులో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరిన హవా హసన్ 2020లో 'ఇన్ బీబీస్ కిచెన్' అనే పుస్తకం తెచ్చారు. స్వాహిలీలో 'బీబీ' అంటే నానమ్మ, అమ్మమ్మ. సోమాలియాతో సహా 8 ఆఫ్రికా దేశాల పెద్దవాళ్ల వంటలు, వాళ్ల మాటలు అందులో ఉన్నాయి.

మన ఇళ్లకూ పనికొచ్చేది

చదువు కోసం హైదరాబాద్ వచ్చిన సోమాలీ విద్యార్థులు టోలిచౌకి వైపు కనిపిస్తూనే ఉంటారు. వాళ్లకున్న సమస్య మనకు లేదనుకోవడానికి లేదు. గల్ఫ్‌కో, అమెరికాకో వెళ్లిన పిల్లలు ఖట్టీ దాల్ కోసం ఫోన్ చేస్తే, "అందాజాగా వెయ్యి బేటా" అనే జవాబే వస్తుంది.

దీనికి ఖర్చు లేని మార్గం ఉంది. దాదీ పిడికిలితో వేసే మసాలాను గిన్నెలో పడకముందే ఒక చెంచాతో కొలిచి రాసుకోవాలి. వండుతూ ఆమె చెప్పే మాటల్ని ఫోన్‌లో రికార్డు చేయాలి. ఆ వంట ఈద్‌కా, వలీమాకా, ఫాతిహాకా అన్నది కూడా పక్కనే రాయాలి. తర్వాత ఒకసారి ఆమె ముందే వండి, రుచి చూపించి, తప్పులు దిద్దించుకోవాలి. ఈ చివరి పని ఆమె ఉన్నప్పుడే కుదురుతుంది.